క్లయింట్ల కోసం పొదుపు తీయమంటారా?

ప్రశ్న: మూడేళ్లుగా ఫ్రీలాన్సర్‌గా వెబ్‌సైట్లు చేస్తున్నాను. ఏడాది నుంచి ఏఐ చాట్‌బాట్లు, ఆటోమేషన్ పనులు కూడా మొదలుపెట్టాను. ఇప్పటిదాకా 18 మందికి పని చేశాను గానీ నాలుగు నెలలుగా కొత్త క్లయింట్ దొరకలేదు. రోజూ ఫ్రీలాన్స్ సైట్లలో బిడ్లు వేస్తూనే ఉన్నాను. ఇంటి ఖర్చులకు ఆరు నెలలకు సరిపడా పొదుపు మిగిలింది. అందులో సగం తీసి ఆన్‌లైన్ ప్రకటనలకు పెట్టమని స్నేహితులు అంటున్నారు. పెట్టమంటారా?

జవాబు: వద్దండీ. ఇప్పుడైతే అసలు వద్దు. ఆ ఆరు నెలల డబ్బు ఇల్లు గడవడానికి మాత్రమే కాదు, బేరం ఆడేటప్పుడు మీకు అదే ధైర్యం. చేతిలో డబ్బుంటే తక్కువ రేటుకు అడిగినవాళ్లతో 'కుదరదండీ' అనగలుగుతారు. మూడు నెలల్లో అయిపోతుందని తెలిస్తే వచ్చిన ప్రతి పనికీ తలూపుతారు. అలా ఒప్పుకున్న పనులే మార్పులు, చేర్పులు అంటూ నెలల తరబడి సాగుతాయి. ఇది నా దగ్గరకొచ్చే ఫ్రీలాన్సర్లలో తరచూ చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది.

ముందు బిడ్ల లెక్క చూద్దాం. బిడ్ వేయడానికి జేబులోంచి పెద్దగా పోయేదేమీ ఉండదు కాబట్టి ఈ లెక్క ఎవరూ వేయరు. కానీ సమయం పోతుంది. ఒక్కో ప్రపోజల్‌కు 40 నిమిషాలనుకోండి. 60 వేస్తే 40 గంటలు. వాటిలో రెండు కుదిరితే ఒక్కో క్లయింట్ కోసం 20 గంటలు పెట్టినట్టు. వచ్చిన పని 25 గంటలది, మీ రేటు గంటకు 100 అనుకుందాం. బిల్లు 2,500. ఫైవర్ అనే ఫ్రీలాన్స్ సైట్‌లో అయితే 20 శాతం వాళ్ల కమీషన్, అది పోగా చేతికి 2,000. మీరు పెట్టిన సమయం మాత్రం 45 గంటలు. అంటే గంటకు 44. అనుకున్న రేటులో సగం కూడా లేదు! ప్రకటనలకైనా ఇదే లెక్క, అక్కడ గంటలకు బదులు పొదుపు పోతుంది.

ఇక మీ 18 మంది సంగతి. ఈ నాలుగు నెలల్లో వాళ్లలో ఎంతమందికి ఫోన్ చేశారు? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. మీ పని చూసి, డబ్బులిచ్చి, మీ మీద నమ్మకం కుదిరినవాళ్లు వాళ్లు. ఆ నమ్మకం కొత్తవాళ్ల దగ్గర సంపాదించడానికే మీకు ఆ 20 గంటలు పడుతున్నాయి.

ఊరికే 'ఏమైనా పనుందా?' అని అడిగితే మాత్రం 'ఉంటే చెప్తాం' అనే అంటారు. చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వెళ్లాలి. ఉదాహరణకు రెండేళ్ల కింద ఒక దంతవైద్యుడికి సైట్ చేశారనుకుందాం. దాన్ని ఇవాళ మీ ఫోన్‌లో తెరవండి. గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో ఆ సైట్ అడ్రస్ పెట్టి చూడండి, అది ఉచితమే. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టు, 4 సెకన్లు దాటితే బాగోలేనట్టు. మీ పేరుతోనే అపాయింట్‌మెంట్ ఫారం నింపి పంపండి. సర్వర్‌లో సైట్‌ను నడిపే పీహెచ్‌పీ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ 7.4 ఉండిపోయిందేమో ఆయన్ని అడిగి చూడండి, దానికి 2022 నవంబరుతోనే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. తర్వాత ఇలా రాయండి:

"డాక్టర్ గారూ, మీ సైట్ ఫోన్‌లో తెరుచుకోవడానికి 7 సెకన్లు పడుతోంది. నిన్న ఫారం ద్వారా నేను పంపిన మెసేజ్ మీకు అందిందా? అందకపోతే పేషెంట్లు పంపేవి కూడా అందకపోవచ్చు. రెండూ రెండు రోజుల్లో సరిచేయగలను. రేపు ఒక పది నిమిషాలు మాట్లాడవచ్చా?"

ఇందులో ఏఐ ఊసు లేదు, గమనించారా? దాన్ని మాటల్లోకి రానివ్వండి. 'మీ రిసెప్షన్‌లో రోజంతా మళ్లీ మళ్లీ చెప్పే జవాబేమిటి?' అని అడగండి. ఆయన చెప్పే జవాబులోనే మీ చాట్‌బాట్ పని ఉంటుంది. 'ఏఐ సేవలు అందిస్తాం' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. 'రాత్రి పూట వచ్చే అపాయింట్‌మెంట్ ప్రశ్నలకు జవాబిచ్చేది' అంటే వెంటనే అర్థమవుతుంది.

ఏఐ పనుల్లో డబ్బు పరంగా రెండు జాగ్రత్తలు. ఏపీఐ ఖర్చు, అంటే చాట్‌బాట్ వెనక ఉన్న ఏఐని వాడుకున్నందుకు దాని కంపెనీకి కట్టేది, వాడకాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ఖాతా క్లయింట్ పేరు మీదే, క్లయింట్ కార్డుతోనే తెరిపించి, నెలవారీ పరిమితి పెట్టించండి. మీ కార్డు ఇచ్చారా, వాళ్ల వ్యాపారానికి మీరు అప్పిచ్చినట్టే. రెండోది, చాట్‌బాట్ తప్పు చెబితే బాధ్యత ఎవరిదన్నది. 2024 ఫిబ్రవరిలో ఎయిర్ కెనడా చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి తప్పుగా చెప్పిన కేసులో ట్రిబ్యునల్ కంపెనీదే బాధ్యత అంది, ప్రయాణికుడికి పరిహారం ఇప్పించింది. జవాబులను సరిచూసి ఆమోదించాల్సింది ఎవరో ఒప్పందంలో రాసుకోండి.

సరిచేసిన పనిని అక్కడితో వదిలేయకండి. అప్‌డేట్లు, బ్యాకప్, ఫారాల తనిఖీ, చాట్‌బాట్ జవాబుల సవరణ కలిపి నెలవారీ ఒప్పందం అడగండి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తున్నది ఇదే. 18 మందిలో ఆరుగురు ఒప్పుకున్నారనుకోండి. ఒక్కొక్కరు నెలకు ఇచ్చేది మీ ఇంటి ఖర్చులో పన్నెండో వంతే అయినా, ఆరుగురితో సగం ఖర్చు గడుస్తుంది. అప్పుడు మీ ఆరు నెలల పొదుపు పన్నెండు నెలలు నిలుస్తుంది. ఏ ప్రకటనకు పెట్టినా ఆ డబ్బు ఇంత పని చేయదు.

కొత్తవాళ్ల విషయానికొస్తే, బిల్లు అంది క్లయింట్ సంతోషంగా ఉన్న రోజే 'మీకు తెలిసినవాళ్లలో ఇలాంటి పని అవసరమైనవాళ్లు ఒక్కరిని చెప్పండి' అని అడగండి. ఒక్కరినే అడిగితే ఎవరో ఒకరి పేరు గుర్తొస్తుంది. కోడింగ్ మనుషులు లేని డిజైన్ స్టూడియోలను కూడా కలవండి. రేటు కొంచెం తగ్గినా క్లయింట్‌ను వెతికే పని వాళ్లదే. అయితే ఏ ఒక్కరి నుంచీ మీ ఆదాయంలో 40 శాతానికి మించి రాకుండా చూసుకోండి. బిడ్లకు వారానికి మూడు గంటలు చాలు. ఎవరి పనైనా సగం అడ్వాన్సు చేతికొచ్చాకే మొదలుపెట్టండి.

ప్రకటనలు ఎప్పటికీ వద్దనడం లేదు. నెలవారీ ఆదాయంతో సగం ఖర్చు గడవడం మొదలయ్యాక, వచ్చే ప్రతి బిల్లులో పదో వంతు వేరే ఖాతాలో వేయండి. అందులో ఉన్నంతవరకే ప్రకటనలకు పెట్టండి. ఒక్కో క్లయింట్ ఎంతకు పడ్డారో రాసుకుంటూ ఉండండి. మూడు నెలలు చూసి, ఆ ఖర్చు మొదటి బిల్లులో ఐదో వంతు దాటుతుంటే ఆపేయండి.