సేవ చేస్తున్నా మనసులో చిరాకు: మానేయాలా?

వందనాలు సిస్టర్. ఆరాధన అయ్యాక కుర్చీలు సర్దడం, గిన్నెలు కడగడం అంతా మీ మీదే పడుతోందని, పేరు మాత్రం మైకు పట్టుకున్నవాళ్లకే వస్తోందని రాశారు. ఇలా కోపం వస్తోందంటే నాలో దీనత్వం (వినయం) లేదా అని అడిగారు.

కోపం వచ్చినంత మాత్రాన మీ సేవ వట్టిదైపోదు. యేసును ఇంట్లో చేర్చుకుని పనుల్లో మునిగిపోయిన మార్తకూ ఇదే బాధ (లూకా 10:40). చెల్లి తనను ఒంటరిగా వదిలేసిందని నేరుగా యేసుకే చెప్పుకుంది. ఆయన ఆమెను పొమ్మనలేదు, ఆమె తొందరను మాత్రం పేరు పెట్టి పిలిచి మరీ సరిచేశాడు.

యోహాను 13 ఒకసారి నెమ్మదిగా చదవండి. ఆయన భోజనం దగ్గర నుంచి లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువాలు నడుముకు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల కాళ్లు కడిగాడు. ఆ రాత్రే శిష్యులు తమలో ఎవరు గొప్ప అని వాదించుకున్నారు (లూకా 22:24). ఆయనను అప్పగించబోతున్న శిష్యుడు యూదా ఇంకా బయటికి వెళ్లలేదు, అతని కాళ్లూ కడిగాడు. మెచ్చుకోలు దొరకని చోట ప్రేమించడం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

అయితే దీనత్వమంటే నోరు మూసుకుని అంతా మోయడం కాదు (సంఘాల్లో ఈ పొరపాటు మామూలే). తొలి సంఘంలో విధవరాండ్రకు రోజూ పంచే దాంట్లో లోటు జరుగుతోందని గొణుగుడు మొదలైతే, అపొస్తలులు ఆ పనికి ఏడుగురిని ఏర్పాటు చేయించారు (అపొస్తలుల కార్యములు 6). కాబట్టి మానేయకండి. పాస్టరుగారితో, "ఇద్దరు తోడు కావాలండీ, వారం వారం మార్చుకుంటాం" అని సూటిగా అడగండి. ఫిర్యాదులా కాకుండా, పేర్లెత్తకుండా చెప్పండి. అవసరమైతే ఒక వారం ఆగి, ఊరికే కూర్చుని వాక్యం వినండి.