పెట్రోల్ లీడరుకు పనేమిటి?

ప్రశ్న: మా అబ్బాయి బడిలోని స్కౌట్ దళంలో పెట్రోల్ లీడరయ్యాడు. సమావేశాల్లో అన్నీ మాస్టారే నిర్ణయిస్తున్నారు. మరి వాడు చేయవలసిందేమిటి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: పెట్రోల్ అంటే ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లల జట్టు. 1907లో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో నడిపిన శిబిరం నాటి నుంచీ స్కౌటింగ్‌కు ఈ జట్టే పునాది, దాని నాయకత్వం పిల్లలదే. పెట్రోల్ లీడర్లు కూర్చునే సభను కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. రాబోయే కార్యక్రమాలను వారే అక్కడ చర్చించాలి, స్కౌట్ మాస్టర్ సలహాదారుగా ఉండాలి. ఫిబ్రవరి 22న, బేడెన్ పావెల్ పుట్టినరోజున జరుపుకునే థింకింగ్ డేకు ఏం చేద్దామో, హైక్‌లో, అంటే కాలినడక యాత్రలో, వంట ఎవరు చూస్తారో, ముడులు ఇంకా రాని చిన్నవాడికి క్లోవ్ హిచ్ ఎవరు నేర్పుతారో ముందుగా జట్టునంతా అడిగి, కాగితం మీద రాసుకుని ఆ సభకు వెళ్లమని మీ అబ్బాయికి చెప్పండి. అప్పటికీ మాస్టారు వినకపోతే, మీరే వెళ్లి మర్యాదగా మాట్లాడండి. అందులో తప్పేమీ లేదు.