ఇండియా గెలిచిందా, గెలిచారా?

సందేహం: మాది పర్లాకిమిడి. మా క్లబ్బు గోడ మీద దక్షిణాసియా దేశాల శాఫ్ ఫుట్‌బాల్ కప్పుల చరిత్ర రాస్తున్నాం. "2023: ఇండియా గెలిచారు" అని రాస్తే ఒక పెద్దాయన తప్పన్నారు, "గెలిచింది" అనాలట. ఒడియా మధ్య ఉండి మా తెలుగు ఇలా అయిందని కూడా అన్నారు. నిజమేనా?

సమాధానం: ముందు ఒడియా మీద వేసిన నింద తీసేద్దాం. వాళ్లూ "భారత జితిలా" అని ఏకవచనమే వాడతారు, "జితిలే" అంటేనే బహువచనం. మీరు రాసింది అచ్చంగా తెలుగు అలవాటే, ఒడియా ముక్క రానివాళ్లూ అంటారు. "ఇండియా వాళ్లు గెలిచారు" అనబోయి "వాళ్లు" మింగేస్తాం, అంతే. "ఊరంతా వచ్చారు" అంటే ఎవరైనా తప్పు పడతారా?

మాటల్లో అలా అనడానికి సంకోచించక్కర్లేదు. రాతలో మాత్రం పెద్దాయన మాటే నాకు నచ్చుతుంది. దేశం పేరైనా జట్టు పేరైనా మనిషి కాదు, పైగా ఒకటే, కాబట్టి "గెలిచింది". మనుషుల్ని చెబితే "గెలిచారు". 2022లో కాఠ్మండూలో జరిగిన మహిళల శాఫ్ ఫైనల్లో నేపాల్ మీద 3-1తో బంగ్లాదేశ్ గెలిచింది, బంగ్లాదేశ్ అమ్మాయిలు గెలిచారు. రెండూ సరైనవే.

అసలు చిక్కంతా పొడుగు వాక్యాల్లో వస్తుంది. మీ 2023 బెంగళూరు ఫైనల్నే తీసుకోండి (కువైట్ దక్షిణాసియా దేశం కాదు, ఆ ఏడాది అతిథిగా వచ్చింది): "భారత్ ముందు కువైట్‌కి ఒక గోలు ఇచ్చి, విరామంలోపే సమం చేసి, అదనపు సమయంలోనూ 1-1 దగ్గరే ఆగి, గోల్‌కీపర్ గురుప్రీత్ ఆఖరి పెనాల్టీని ఆపడంతో పెనాల్టీల్లో 5-4తో గెలిచారు." ఇచ్చి, చేసి, ఆగి అన్న మాటలు ఆడా మగా, ఒకరా పదిమందా అన్నది చెప్పవు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట "భారత్" అన్న సంగతి మరిచిపోతాం, కళ్ల ముందు గంతులేస్తున్న ఆటగాళ్లే ఉంటారు, దాంతో కలం "గెలిచారు" అనేస్తుంది. పత్రికల్లో రాసేవాళ్లకీ ఇది జరుగుతుంటుంది. వాక్యం ముగించేముందు కర్త ఎవరో ఒకసారి వెనక్కి చూసుకుంటే చాలు.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది, నోటి మాటను గోడ మీద చెరిపేయమని మీకు చెప్పడం నాకే మనసొప్పదు. "ఇండియా" ఒక్కటి తీసి "మనవాళ్లు" అని దిద్దండి, "గెలిచారు" అలాగే ఉంచుకోవచ్చు.