బావ చెప్పినట్టు డీపీ టాప్ తిప్పితే కరెంటు పెరుగుతదా?

ప్రశ్న: సార్, మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాల ప్రాణహిత ఒడ్డుకు ఉన్న ఊరు. పొద్దూకినంక 7 నుంచి 10 దాకా ఇంట్ల 180 వోల్టులే చూపిస్తది, ఫ్రిజ్ మూలుగుతది గాని స్టార్ట్ కాదు. డీపీకి, అంటే మా ఊరి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కి, టాప్ ఉంటది, అది రెండు నంబర్లు ఎక్కిస్తే అయిపాయె అని మా బావ అంటడు. లైన్‌మన్‌ను అడిగితే దాని జోలికి పోవద్దన్నడు. ఎవరి మాట వినాలె?

జవాబు: ఇద్దరిదీ సగం సగం నిజమే తమ్మీ. డీపీల 11 కేవీ (11 వేల వోల్టుల) కాయిల్‌కి అక్కడక్కడ తీగలు బయటికి తీసి పెడ్తరు, అవే టాపులు, ఏ టాప్‌కి కలిపితే అన్ని చుట్లే పని చేస్తయి. ఆ పక్క చుట్లు తగ్గిస్తే మన పక్క వోల్టేజ్ పెరుగుతది, ఉల్టా అనిపిస్తది గాని ఒక్కో చుట్టు మీద పడే వోల్టులు పెరుగుతయి కదా, లెక్క అంతే. హెచ్‌టీ పక్కనే, అంటే ఆ 11 కేవీ పక్కనే, ఎందుకు పెడ్తరంటే అక్కడ ఆంపియర్లు తక్కువ, 200 కేవీఏ డీపీకి పైపక్క పదిన్నర ఆంపియర్లయితే మన పక్క 266, గంత కరెంటు మోసే టాప్ చెయ్యాలంటే కష్టం.

నేమ్ ప్లేట్ చూస్తే టాప్ నంబర్ 1 దగ్గర 11550 వోల్టులు, 3 దగ్గర 11000, 5 దగ్గర 10450 ఇట్ల రాసి ఉంటది, ఒక్కో మెట్టు రెండున్నర శాతం. అన్ని డీపీలకూ ఇదే ఉంటదని లేదు, ప్లేట్ చదవకుండ నంబర్ నమ్మొద్దు.

ఇగ మీ బావ లెక్క చూద్దాం. 3 నుంచి 5కి తిప్పితే మీ 180 కాస్త 189 అయితది, అంతే. ఫ్రిజ్ అప్పుడూ మూలుగుడే. మరి రాత్రి 2 గంటలకు అందరూ పండుకున్నంక ఇప్పుడు 250 వస్తుందనుకో, అది 263కి పోతది, ఊర్ల సగం టీవీలు, బల్బులు మీ బావ పేరు చెప్పుకుంటయి. ఈ టాప్ సాయంత్రం ఓ తీరు, రాత్రి ఓ తీరు మారదు, రోజంతా ఒకే తీరుగ తక్కువుంటేనే దాంతోని పని. లోడ్ మీదనే, అంటే కరెంటు నడుస్తుండగనే, మారే టాపులు సబ్‌స్టేషన్ల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు ఉంటయి, 1927ల యాన్సెన్ అనే జర్మన్ ఇంజినీర్ తెచ్చిన పద్ధతి, ఒక టాప్ వదిలి ఇంకోటి పట్టే ఆ రెప్పపాటు కరెంటు తెగకుండ రెసిస్టర్లు మోస్తయి.

మీ డీపీది అట్ల కాదు, లైన్ బంద్ చేసినంకనే తిప్పాలె. ఉత్త లోడ్ తీసేస్తే సరిపోదు, ఏబీ స్విచ్ (11 కేవీ లైన్ తెంపే స్విచ్) తెరిచి, ఎల్‌టీ పక్క, అంటే ఇండ్లకు పోయే పక్క, కూడా ఊడదీసి, ఎర్త్ చేసినంకనే. ఎవరింట్లనో జనరేటర్ ఉండి ఉల్టా ఫీడ్ వస్తే మనిషి దక్కడు. లైన్‌మన్ వద్దన్నది అందుకే, మీరు గాని బావ గాని ఎక్కేది కాదు.

మీరు చెయ్యాల్సింది వేరే. రాత్రి 8కి డీపీ దగ్గరి ఇంట్ల ఎంతుంది, అదే టైంకి మీ ఇంట్ల ఎంతుంది చూసి రాసుకోండి. అక్కడ 230 ఉండి మీ దగ్గర 180 అంటే నష్టం మధ్యల ఎల్‌టీ తీగలనే, లావు తీగ వెయ్యాలె లేదా మీ గల్లీకి ఇంకో చిన్న డీపీ పెట్టాలె, దరఖాస్తుల ఈ రెండు రీడింగులూ రాయండి. అక్కడ కూడా తక్కువే, రాత్రి 2కి కూడా తక్కువే అంటే అప్పుడు టాప్ మార్చమని అడగొచ్చు. ఒక ఇంట్ల 170, పక్కింట్ల 270 వస్తే మాత్రం న్యూట్రల్ తీగ ఊడినట్టే, వెంటనే మెయిన్ బంద్ చేసి ఫోన్ కొట్టండి.

ఇంకో మాట, చిన్న డీపీలకు చాలావాటికి అసలు టాపే ఉండదు. మీ బావ దేన్ని చూసి టాప్ అంటున్నడో కింద నిలబడే ఒక ఫొటో తీసి పంపండి.