కుక్కపిల్లకు 16 వారాలు దాటాక పడే టీకా సూదిని మాత్రం వదలకండి

మీ ప్రశ్న చదివాను. 50 రోజుల లాబ్రడార్ పిల్లను శ్రీకాకుళం తెచ్చుకున్నారు, 45వ రోజున ఒక సూది పడిందని కార్డు ఇచ్చారు. ఇంట్లో నాలుగేళ్ల నాటు కుక్క ఉంది, దానికి చిన్నప్పుడు రేబిస్ టీకా ఒక్కటే వేయించారు. టీకాలు ఎక్కువైతే ఏమవుతుందోనని భయం, అందుకే జాగ్రత్తగా, వీలైనంత తక్కువగా ఎలా వేయించాలని అడిగారు. మీ భయం నాకు అర్థమైంది. కానీ పిల్లకి ఒక సూది తగ్గిస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది విజయనగరం. కొన్నేళ్ల కిందట చింటూ అని ఒక పిల్లని తెచ్చుకున్నాం. 45వ రోజున ఒకటి, 66వ రోజున ఒకటి, రెండు సూదులు వేయించాం. మూడోది దసరా రోజుల్లో పడాలి. ఇంటి నిండా చుట్టాలు, సిరిమానోత్సవం హడావుడి. పండగ అయ్యాక చూద్దాంలే అనుకున్నాం. మా అత్తగారు కూడా "ఏటమ్మా, మన పిల్లలకే ఇన్ని సూదులు ఏయించలేదు" అన్నారు. సిరిమాను అయిన వారానికి చింటూ అన్నం ముట్టుకోలేదు. సాయంత్రానికి వాంతులు, రాత్రికి రక్తం కలిసిన విరేచనాలు. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్లు మరిచిపోలేరు. పార్వో అన్నారు, కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ రోగం. మూడు రోజులు సెలైన్ ఎక్కించాం, నాలుగో రోజు తెల్లారుజామున నా ఒళ్లోనే పోయింది.

రెండు సూదులు పడ్డా ఎందుకొచ్చిందని డాక్టర్‌గారిని అడిగాను. ఆయన చెప్పింది ఇది. పుట్టగానే తల్లి ముర్రుపాలతో పిల్లకి కొంత రక్షణ వస్తుంది. అది ఒంట్లో ఉన్నంతకాలం, మనం వేసిన టీకా మందును కూడా రోగం అనుకుని పనిచేయనివ్వదు. ఒక పిల్లలో ఆ రక్షణ 8 వారాలకే తగ్గిపోతుంది, ఇంకో పిల్లలో 14, 15 వారాల దాకా ఉంటుంది. ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో పైకి చూసి చెప్పలేం. అందుకే రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తూ, ఆఖరిది 16 వారాలు నిండాక పడేలా చూడాలి. అంటే పిల్ల వయసు 112 రోజులు దాటాలి. అప్పటికి దాదాపు అన్ని పిల్లల్లోనూ తల్లి నుంచి వచ్చింది పోయి ఉంటుంది.

ఇప్పుడు మీ కార్డు తీసి లెక్కపెట్టండి. 21 రోజులకోసారి అని వేసుకుంటూ పోతే 45, 66, 87, 108 వస్తాయి. ఆఖరిది నాలుగు రోజులు ముందే పడిపోతుంది. మీ పిల్లకైతే నేను 70వ రోజు, 92వ రోజు, 115వ రోజు రాసుకుంటాను. ఈ మూడుసార్లూ డిస్టెంపర్, హెపటైటిస్, పార్వో రోగాలకు కలిపి వేసే డీహెచ్‌పీపీఐ టీకా. మొదటి రెండుసార్లు దానితోపాటు లెప్టో టీకా కూడా ఉండాలి. 12 వారాలు దాటాకే రేబిస్ వేస్తారు కాబట్టి 92వ రోజున అదే పూట ఇంకో వైపున వేయించండి, 115న దానికి రెండో డోసు. కార్డులో తేదీలు పెన్సిల్‌తో కాకుండా పెన్నుతో రాయించుకోండి.

లెప్టో ఎందుకని చాలామంది అంటారు. మన జిల్లాల్లో దాన్ని వదలకూడదని నా గట్టి అభిప్రాయం. ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో ఉండే రోగం అది. వానాకాలంలో మడి గట్లు, కాలవలు, నాగావళి పొంగితే వీధుల్లో నిలిచే నీళ్లు మీకు తెలిసినవే. కుక్క నుంచి మనకీ రాగలదు, మనుషుల్లో ఎలుక జ్వరం అనేది ఇదే. దీని టీకా ఏడాదే పనిచేస్తుంది, ఏటా వేయించాల్సిందే.

మీరు అడిగిన 'తక్కువ' సాధ్యమయ్యేది పెద్దయ్యాక. పిల్లకి ఆరో నెలలో గానీ ఏడాది నిండాక గానీ డీహెచ్‌పీపీఐ ఇంకొకటి వేయిస్తే, ఆ తర్వాత మూడేళ్లకోసారి చాలు. ప్రపంచవ్యాప్తంగా పశువైద్యులు పాటించే డబ్ల్యుఎస్ఎవిఎ అనే ప్రపంచ పశువైద్యుల సంఘం మార్గదర్శకాలు చెప్పేదీ అదే. మన దగ్గర మాత్రం అలవాటుగా అన్నీ కలిపిన సూదినే ఏటా వేస్తారు. "ఈ ఏడు లెప్టో, రేబిస్ మాత్రమే వేస్తారా డాక్టర్‌గారూ" అని అడగండి, అడిగితే ఎవరూ తప్పు పట్టరు. రేబిస్ మాత్రం తగ్గించకండి. ఆ రోగం బయటపడ్డాక కుక్కకీ మనిషికీ మందు లేదు. ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి ఆ టీకా వేసిన రోజది.

మీ నాటు కుక్కకి ఇప్పుడు రేబిస్ ఒకటి, డీహెచ్‌పీపీఐ ఒకటి చాలు. పెద్ద కుక్కకి తల్లి పాల సమస్య ఉండదు కాబట్టి ఒక్క డోసుతోనే పట్టుకుంటుంది. లెప్టో మాత్రం మూడు, నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. రేబిస్, డీహెచ్‌పీపీఐ రెండూ ఒకే రోజు వద్దనుకుంటే మధ్యలో కనీసం రెండు వారాలు ఎడం ఉంచండి.

ఇక రియాక్షన్ సంగతి. చింటూ పోయాక ఏడాది దాకా మేం ఇంకో పిల్లని తేలేదు, పార్వో మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. తర్వాత వచ్చిన రాణి స్పిట్జ్, ఇప్పటికీ ఏడు కిలోలే. రెండోసారి రెండు సూదులు ఒకే పూట వేసిన ఇరవై నిమిషాలకి మూతి, కనురెప్పలు బూరెల్లా వాచిపోయాయి. ఇంకా ఆస్పత్రి మెట్ల మీదే ఉన్నాం కాబట్టి డాక్టర్‌గారు వెంటనే ఇంజెక్షన్ ఇచ్చారు, గంటకి తగ్గింది. అప్పటి నుంచి ఆమెకి సూదులు విడివిడిగా వేయిస్తున్నాం, ముందే ఆ సంగతి గుర్తుచేస్తాం. చిన్న ఒళ్లున్న కుక్కల్లో ఒకే రోజు ఎక్కువ టీకాలు పడితే ఇలా అయ్యే అవకాశం ఎక్కువ. మీది లాబ్రడార్ కాబట్టి అంత టెన్షన్ అక్కర్లేదు, కానీ సూది వేయించాక అరగంట అక్కడే కూర్చోండి. ఒకరోజు నీరసంగా పడుకోవడం మామూలే. చిన్న కుక్క అని సగం డోసు వేయమని మాత్రం అడగకండి, టీకాకి సగం డోసు పనికిరాదు. జ్వరం, విరేచనాలు ఉన్న రోజున అసలు వేయించకండి. నులిపురుగుల మందు కూడా ముందే పట్టించండి.

ఇంకో మాట, మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మన ఎండలు, కరెంటు కోతలు తెలుసుగా. నేను సీసా ఫ్రిజ్‌లోంచి తీయడం చూస్తాను, పొడిలో నీళ్లు మన ఎదురుగా కలపడం చూస్తాను, సీసా మీది స్టిక్కర్ ఊడదీసి కార్డులో అంటించమంటాను. దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. మందు షాపు నుంచి మీరే కొని తేవాల్సివస్తే ఐస్ ప్యాక్ పెట్టిన ఫ్లాస్కు పట్టుకెళ్లండి.

115వ రోజు సూది పడి పది రోజులు గడిచేదాకా పిల్లని వీధి మట్టిలో దించకండి. అలాగని ఇంట్లో బంధించినా పిరికిదైపోతుంది. రాణిని రోజూ సాయంత్రం భుజాన వేసుకుని గంటస్తంభం దాకా తిప్పేవాళ్లం. ఆటోలు, బళ్లు, పకోడీల బండి, గుడి గంటలు అన్నీ నా భుజం మీంచే చూసింది. మీ లాబ్రడార్ బరువెక్కేలోపే మొదలుపెట్టండి.