ట్యునీషియా వ్యాసంలో చమురుకు బదులు ఏమి రాయాలి?

నమస్కారమండి. ట్యునీషియా కూడా పొరుగున ఉన్న లిబియా, అల్జీరియాల మాదిరిగా చమురుతో బతికే దేశమని మీ అమ్మాయి రాస్తే టీచరు కొట్టివేశారని, ఇప్పుడు ఏమి రాయాలని అడిగారు. టీచరు దిద్దినది సరైనదే. అక్కడ చమురు స్వల్పం. స్ఫాక్స్ చుట్టూ విస్తరించిన ఆలివ్ తోటలు, గఫ్సా ఫాస్ఫేట్ గనులు, ఐరోపాకు ఎగుమతయ్యే దుస్తులు, సముద్రతీర పర్యాటకం ఆ దేశానికి ఆధారం. ఎరువులకు ముడిసరుకైన ఫాస్ఫేట్ సంగతి తప్పక రాయించండి, ఎందుకంటే విశాఖ, కాకినాడలలో ఎరువులు తయారుచేసే కోరమాండల్ సంస్థ అక్కడి స్ఖీరాలో నెలకొల్పిన ఫాస్ఫారిక్ ఆమ్ల కర్మాగారంలో భాగస్వామిగా చేరింది.

ప్రజల గురించి "అరబ్బులు" అన్న ఒక్క మాటతో ముగించవద్దు. వారిలో ఉత్తర ఆఫ్రికా మూలవాసులైన అమాజిగ్ (బెర్బర్) ప్రజల మూలాలు బలమైనవి. మాట్లాడే అరబిక్‌లో ఫ్రెంచి పదాలు ధారాళంగా కలుస్తాయి. 1956లో స్వాతంత్ర్యం వచ్చిన కొన్ని నెలలకే బహుభార్యత్వాన్ని చట్టం ద్వారా రద్దు చేశారు. నా దృష్టిలో వ్యాసానికి ప్రాణం ఇదే.

సంస్కృతికి కుస్‌కుస్ అనే వంటకం చాలు. గోధుమ రవ్వను తడిచేత్తో నలిపి పూసలుగా చేసి, కూర ఉడుకుతున్న కుండపై చిల్లుల పాత్రలో ఉంచి, ఆ కూర ఆవిరితోనే ఉడికిస్తారు. 2020లో యునెస్కో దీనిని ట్యునీషియా, అల్జీరియా, మొరాకో, మారిటేనియాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది.