వెయిటింగ్ లిస్టులో ఉన్న చిట్టితల్లికి పెద్దమ్మ రాస్తున్నది

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నావట. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు రమ్మనీ అనలేదు, రావద్దనీ అనలేదు, వెయిటింగ్ లిస్టులో ఉంచారట. అది విన్నప్పుడు నా గుండె పొంగింది. నరసన్నపేట పక్క పల్లెలో ఇంటి అరుగు మీద తపాలా ఆఫీసు నడుపుకున్న మనిషి మనవరాలి దరఖాస్తు గురించి అంత పెద్ద విశ్వవిద్యాలయం ఆలోచిస్తోందంటే మాటలా!

ఆ తర్వాత మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. అమెరికాలోనే పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వచ్చిన సీటు సంగతి ఎత్తితే నువ్వు లేచి వెళ్ళిపోతున్నావట. ఆ సీటు ఖాయం చేసుకోవడానికి అడ్వాన్సు కడతానని మీ నాన్న అంటే, "ఇప్పుడే వద్దు, కార్నెల్ వాళ్ళు పిలుస్తారేమో చూద్దాం" అన్నావట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకని కూర్చుని రాస్తున్నాను.

మే 1 లోపు పర్డ్యూకు అడ్వాన్సు కట్టు. మిగతావన్నీ దాని తర్వాత. అడ్వాన్సు కట్టినంత మాత్రాన కార్నెల్ లిస్టులో నుంచి నీ పేరు పోదు. వాళ్ళు నిజంగా పిలిస్తే, అప్పుడు పర్డ్యూకు రానని రాసి అక్కడికి వెళ్ళవచ్చు. కట్టిన డబ్బు మాత్రం మామూలుగా తిరిగి రాదు. పోతే పోనీ, ఆ డబ్బు నేనిస్తాను. ఇది మోసం కాదు, అందరూ చేసేదే, విశ్వవిద్యాలయాలకూ తెలిసిందే. రెండు చోట్ల అడ్వాన్సులు కట్టి ఇద్దరినీ నమ్మించడం తప్పు. అది చేయకు.

లిస్టులో ఉండటం నీకు ఇష్టమేనని వాళ్ళ పోర్టల్‌లో ఒప్పుకోవాలి. నువ్వు ఒప్పుకోకపోతే వాళ్ళంతట వాళ్ళు ఉంచరు. ఈరోజే ఆ పని చేసెయ్యి.

"నా నంబరు ఎంతో తెలిస్తే బాగుండు" అని మీ అమ్మతో అన్నావట. ఇది రైలు వెయిటింగ్ లిస్టు కాదమ్మా. రైలులో అయితే ఎవరైనా టికెట్ రద్దు చేసుకుంటే వెనకున్న వాళ్ళు వరసగా ముందుకు జరుగుతారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలా వాటికి అసలు వరస నంబర్లే ఉండవు. మనం పెళ్ళికి వెయ్యి శుభలేఖలు పంచితే ఎంతమంది వస్తారో అంచనా వేసుకుని వంట చేయిస్తాం కదా, వాళ్ళూ అంతే. ఎన్ని సీట్లున్నాయో దానికంటే ఎక్కువ మందికి పిలుపు పంపుతారు. మే 1 నాటికి ఎవరెవరు డబ్బు కట్టారో లెక్క తేలుతుంది. అంచనా కంటే ఎక్కువ మంది వస్తే లిస్టు వైపు చూడనే చూడరు. తక్కువ మంది వస్తే, ఏ విభాగంలో ఖాళీ ఉందో, ఎలాంటి పిల్లలు తగ్గారో చూసుకుని దానికి సరిపోయిన వాళ్ళను తీసుకుంటారు. అక్కడ నీ తెలివికి ఎవరూ మార్కులు వేయడం లేదు, వాళ్ళ ఖాళీ ఏ ఆకారంలో ఉందో అది చూస్తారు, అంతే.

లెక్కలు చెప్పి బతికినదాన్ని, లెక్క చూడకుండా ఓదార్చడం నాకు చేతకాదు. చాలా విశ్వవిద్యాలయాలు ఏటా కామన్ డేటా సెట్ అని ఒక పత్రం ప్రచురిస్తాయి. అందులో సి2 అనే భాగం తెరిచి చూడు. ఎంతమందికి వెయిటింగ్ లిస్టులో చోటిచ్చారు, ఎంతమంది ఉంటామన్నారు, చివరికి ఎంతమందిని తీసుకున్నారు అన్నవి అక్కడ ఉంటాయి. ఒక్క సంవత్సరం చూసి ఆగకు, నాలుగైదు సంవత్సరాలవి పక్కపక్కన పెట్టుకో. ఆ అంకెలు ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ పొంతన లేకుండా ఉంటాయి. చూసి ఏడుపు వస్తే ఏడువు. కానీ చూడు.

ఇక వాళ్ళకు ఉత్తరం రాయాలి. ఒక్క పేజీ. నీకు ఇంకా ఆసక్తి ఉందనీ, పిలిస్తే తప్పకుండా వస్తాననీ రాయి, అది నిజమైతేనే. దరఖాస్తు పంపిన తర్వాత నువ్వు కొత్తగా చేసినవి రాయి. ఇంటర్ ఫలితాలు రాగానే మార్కులు జత చెయ్యి. అంగారకుడి మీదికి 2004లో దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్ల శాస్త్ర బృందానికి నాయకత్వం వహించింది కార్నెల్ ఆచార్యుడేనని పదో తరగతిలో ఉన్నప్పుడు నాకు గంటసేపు చెప్పావు, గుర్తుందా? ఆ రోజు నీ కళ్ళలో ఉన్నదేదో ఆ పేజీలో ఉండాలి. విశ్వవిద్యాలయాన్ని పొగుడుతూ రాయకు. వాళ్ళ గొప్పతనం వాళ్ళకు తెలుసు. ఏమేం పంపవచ్చో, ఏం పంపకూడదో వాళ్ళ పోర్టల్‌లోనే రాసి ఉంటుంది, దాన్ని దాటకు. మీ నాన్న ఎవరో ఎంపీ గారి దగ్గర సిఫారసు లేఖ తెస్తానంటున్నాడట. వద్దని నేను చెప్పానని చెప్పు. వెయిటింగ్ లిస్టు నుంచి సీటు తెప్పిస్తామని డబ్బు అడిగే కన్సల్టెన్సీ వాళ్ళను గుమ్మం ఎక్కనివ్వొద్దు.

ఇప్పుడు నీకు ఎవరూ చెప్పని సంగతి చెబుతాను. మీ అమ్మకు కూడా సగమే తెలుసు. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు.

1981లో నా డిగ్రీ అయింది. ఎమ్మెస్సీ లెక్కలకు రెండు చోట్ల దరఖాస్తు చేశాను. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒకటి, మద్రాసులో ఒక పెద్ద సంస్థ ఇంకొకటి. జూన్ ఆఖరులో వాల్తేరు నుంచి సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. జూలై 18 లోపు డబ్బు కట్టాలి. ఆ తర్వాత నాలుగు రోజులకు మద్రాసు నుంచి ఇంకో కవరు వచ్చింది, వెయిటింగ్ లిస్టులో ఉన్నానని. కాలేజీ మొత్తంలో ఆ సంస్థ నుంచి కవరు అందుకున్నది నేనొక్కదాన్నే. నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మీ తాతయ్య గోగునార అమ్మిన డబ్బులో 640 రూపాయలు నా చదువుకని విడిగా ఉంచారు. "అమ్మా, రేపు స్టేట్ బ్యాంకుకు వెళ్ళి వాల్తేరుకు డ్రాఫ్టు తీస్తాను" అన్నారు. నేను వద్దన్నాను. డబ్బు దండగ అన్నాను, మద్రాసు వాళ్ళు పిలిచాక వాల్తేరు వాళ్ళు ఇది తిరిగి ఇవ్వరన్నాను. మనసులో ఉన్నది అది కాదు. వాల్తేరుకు డబ్బు కడితే నేను మద్రాసుకు తగనని నేనే ఒప్పుకున్నట్టు అనిపించింది. కట్టకుండా ఉంటేనే నా పట్టుదల నిజమైనదని, ఆ నిజాయితీకి ఎవరో మెచ్చి పిలుస్తారని నమ్మాను. నువ్వు పర్డ్యూ పేరు వినగానే లేచి వెళ్ళిపోవడం వెనక ఉన్నది ఇదేనని నాకు తెలుసు.

మన ఇంటి అరుగే తపాలా ఆఫీసు. ఉదయం పదకొండు గంటలకు సైకిల్ మీద సంచి వచ్చేది. మూతికి పురికొస కట్టి, ముడి మీద లక్క సీలు వేసి ఉండేది. తాతయ్య చాకుతో సీలు పగలగొట్టి, సంచి బోర్లించి, కార్డులు, నీలం ఇన్‌లాండ్ కవర్లు, మనియార్డరు ఫారాలు వేరు చేసేవారు. మీ అమ్మ పక్కన కూర్చుని తేదీ ముద్రకు సిరా అద్దేది. నేను గుమ్మంలో స్తంభం పట్టుకుని నిలబడేదాన్ని. ఒక్కొక్క కవరు తీసినప్పుడల్లా ఆయన కళ్ళెత్తి నా వైపు చూసేవారు. అన్నీ అయిపోయాక ఆ ఖాళీ సంచిని లోపలి వైపు బయటికి తిరగేసి, రెండుసార్లు దులిపేవారు. దులిపితే ఉత్తరం రాలదని ఆయనకు తెలుసు. నాకోసం దులిపేవారు.

జూలై 18 వెళ్ళిపోయింది. ఆగస్టు వెళ్ళిపోయింది. ఉత్తరం రాయడానికి నాకు భయం, అడిగితే కాదంటారేమోనని. సెప్టెంబరు రెండో వారంలో తాతయ్యే ఒక జవాబు కార్డు రాసి పంపారు. పది రోజులకు ఆ కార్డు తిరిగి వచ్చింది. ఆగస్టు 7తోనే ప్రవేశాలు ముగిశాయని ఒక్క వాక్యం. అసలు లేనే లేని సీటు కోసం నేను నెల రోజుల పైన స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

అప్పటికి వాల్తేరులో తరగతులు మొదలై రెండు నెలలు. చదువు లేదు, ఉద్యోగం లేదు, ఇరవై ఒక్కేళ్ళ ఆడపిల్ల ఇంట్లో ఉంది. దసరా దాటగానే పెళ్ళిచూపులు మొదలయ్యాయి. ఏడాదిలో ఐదు సంబంధాలు. ఒకటి లగ్నం పెట్టుకునే దాకా వచ్చింది. నేను వద్దని భీష్మించుకుంటే మీ అమ్మమ్మ మూడు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మరుసటి ఏడు మళ్ళీ వాల్తేరుకే దరఖాస్తు చేశాను, సీటు వచ్చింది, చదివాను, ఉద్యోగం వచ్చింది. బతుకేమీ పాడు కాలేదు. కానీ ఆడపిల్ల ఖాళీగా ఉన్న ఏడాది మీద ఎంతమంది కళ్ళు పడతాయో అప్పుడు చూశాను. కాలం మారిందని మీరంటారు. మారింది, ఒప్పుకుంటాను. అయినా నీకు ఒక్క ఏడాది కూడా ఖాళీ ఉండకూడదని నా భయం. నన్ను తిట్టుకున్నా సరే.

2003లో తాతయ్య పోయాక ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక కాగితం దొరికింది. డ్రాఫ్టు కోసం బ్యాంకులో ఇచ్చే ఫారం. 640 రూపాయలు, ఆంధ్ర విశ్వవిద్యాలయం పేరు, నా పేరు, అన్నీ ఆయన గుండ్రటి అక్షరాల్లో నింపి ఉన్నాయి. తేదీ 17-7-1981. ఆఖరు రోజుకు ముందు రోజు బ్యాంకు దాకా వెళ్ళి, నేను వద్దన్నానని తిరిగి వచ్చేశారన్నమాట. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా నాతో అనలేదు.

మీ నాన్న అడ్వాన్సు కడతానంటే నువ్వు వద్దన్నావని విన్నప్పుడు నాకు ఆ కాగితమే కళ్ళ ముందు కదిలింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మీ నాన్న చెయ్యి పట్టుకుని వెనక్కి లాగకు.

పర్డ్యూను చిన్నచూపు చూడకు. చంద్రుడి మీద మొదటి అడుగు వేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ చదివింది అక్కడే. 2021 జూలైలో వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షం అంచుదాకా వెళ్ళివచ్చిన మన తెలుగమ్మాయి బండ్ల శిరీష ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదివిందీ అక్కడే. హాస్టల్ గదికి ఇప్పుడే పేరు ఇచ్చుకో. అక్కడ తీసుకోబోయే మొదటి సెమిస్టరు పాఠాలేమిటో చూడు.

వీసా సంగతి కూడా విను. పర్డ్యూ నుంచి ఐ-20, అంటే వీసాకు కావలసిన ప్రవేశ పత్రం, రాగానే అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థుల నమోదుకు తీసుకునే సెవిస్ ఫీజు 350 డాలర్లు కట్టి, ఇంటర్వ్యూకు తేదీ తీసుకో. మాకు తెలిసిన పిల్లలు ఒకప్పుడు వీసా కోసం మద్రాసు వెళ్ళి, తెల్లవారకముందే వరసలో నిలబడేవారు. నీకు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే అమెరికా కాన్సులేట్ ఉంది. కార్నెల్ జూన్‌లోనో జూలైలోనో పిలిచిందనుకో, అక్కడి నుంచి కొత్త ఐ-20 తెప్పించుకోవాలి. మొదటిసారి వెళ్ళేటప్పుడు వీసా మీద ఏ విశ్వవిద్యాలయం పేరుంటే అక్కడికే వెళ్ళాలి. ఆ తిరుగుడుకు రోజులు సరిపోతాయా అన్నది లెక్క వేసుకో. ఏ తేదీ దాటితే పిలిచినా వెళ్ళవో ఇప్పుడే మీ నాన్నతో కూర్చుని నిర్ణయించుకుని, క్యాలెండర్‌లో గుర్తు పెట్టు. నేను అలాంటి తేదీ పెట్టుకోలేదు.

డబ్బు మాట కూడా దాచుకోవద్దు. లిస్టు నుంచి పిలిచే నాటికి ఆర్థిక సాయం నిధులు చాలా చోట్ల అడుగంటి ఉంటాయి. పిలుపు వచ్చిన సంతోషంలో మీ నాన్న ఇల్లు తాకట్టు పెట్టేస్తాడు, అతని సంగతి నాకు తెలుసు. ఎంత దాకా అప్పు చేయగలరో ముందే అడుగు. ఆ అంకె దాటితే కార్నెల్ అయినా వద్దని చెప్పే ధైర్యం నీకే ఉండాలి, అతనికి ఉండదు.

రోజుకు ఎన్నిసార్లు మెయిల్ చూస్తున్నావు? మీ అమ్మ నలభై అంది. రోజుకు ఒక్కసారి, ఉదయం పదకొండు గంటలకు చూడు. చూసి మూసెయ్యి. మనింట్లో తపాలా సంచి కూడా రోజుకు ఒక్కసారే వచ్చేది. మిగతా సమయమంతా నీది. చుట్టాలు ఎక్కడ సీటు వచ్చిందని అడిగితే "పర్డ్యూకు వెళ్తున్నాను" అని చెప్పు. వెయిటింగ్ లిస్టు కథ అందరికీ చెప్పనక్కర్లేదు.

పరీక్షలైపోయాయి కదా, మే మొదటి వారంలో ఇక్కడికి రా. మామిడికాయలు వచ్చేశాయి, ఆవకాయ నువ్వొచ్చాకే పెడతాను. ఆ బ్యాంకు ఫారం నీకు చూపిస్తాను, మీ తాతయ్య చేతిరాత నువ్వు చూడలేదు కదా. బయలుదేరే ముందు పర్డ్యూకు డబ్బు కట్టిన రసీదు ఫొటో తీసి నా ఫోన్‌కు పంపు. రాత్రయినా సరే, నేను మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ